ఉన్నది ఉన్నట్టు చెప్పడం

"నా కర్మ ఇట్లా ఉంది అక్కా. డాక్టరును అని ఏం లాభం?" పోయిన ఏడాది వానాకాలంలో, ఇక్కడ రాయ్‌పూర్‌లో మా బస్తీ చెల్లెలు ఒకామె నాతో అన్న మాట ఇది.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. నాలుగిళ్లలో పాచిపని చేసుకుంటుంది. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లింది. గర్భసంచి తీయకపోతే క్యాన్సర్ వస్తుందని భయపెట్టారట. వడ్డీకి డబ్బు తెచ్చారు. భర్త ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆపరేషన్ అయింది కానీ నొప్పి పోలేదు, పైగా కుట్ల దగ్గర చీము పట్టింది. మళ్లీ వెళితే "ఇదంతా మామూలే" అని పంపేశారు. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపారో లేదో తెలియదు. రిపోర్టు చేతికి రాలేదు.

ధమ్మ బంధువులారా, "నా కర్మ" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. దీక్ష తీసుకున్న ఇళ్లలో కూడా. బుద్ధుని ఫొటో గోడ మీదికి వచ్చినంత త్వరగా ఈ మాట నోటి మీద నుంచి పోదు. కానీ బుద్ధుడు ఈ మాటను ఒప్పుకోలేదు. సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు ఆయనను సూటిగా అడుగుతాడు: మనిషి అనుభవించే బాధంతా పూర్వకర్మ వల్లనే అంటున్నారు, తమరేమంటారు? అందుకు బుద్ధుడు ఎనిమిది కారణాలు చెబుతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి చెడడం, రుతువుల మార్పు, శరీరాన్ని సరిగా చూసుకోకపోవడం, బయటి నుంచి తగిలే దెబ్బ, ఆఖరున కమ్మఫలం. అన్నిటినీ కర్మ మీదికే తోసేవాళ్లు, తాము స్వయంగా ఎరిగినదాన్నీ లోకం ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని తేల్చేస్తాడు. పూర్వజన్మ కర్మ సిద్ధాంతం పేదల దుస్థితికి సమాజాన్నీ రాజ్యాన్నీ బాధ్యత నుంచి తప్పిస్తుందని బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో హెచ్చరించారు.

ఇది ఒక్క చెల్లెలి కథ కాదు. 2012లో రాయ్‌పూర్‌లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ ప్రైవేటు ఆసుపత్రులు పేద స్త్రీలకు అవసరం లేకుండా గర్భసంచులు తీశాయన్న ఆరోపణలు దేశమంతా వినిపించాయి. కుటుంబానికి ఏడాదికి 30 వేల రూపాయల దాకా వైద్యం ఇచ్చే రాష్ట్రీయ స్వాస్థ్య బీమా కార్డు డబ్బు కోసమే ఇలా చేశారన్నది ఆరోపణ. కొందరు డాక్టర్ల రిజిస్ట్రేషన్లు అప్పట్లో నిలిపివేశారు. ఛత్తీస్‌గఢ్, బీహార్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకు వెళ్లారు. బాధితుల్లో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల స్త్రీలేనని ఆయన పిటిషన్‌లో చెప్పారు. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఒకే కష్టం ఇంతమందికి, అదీ ఈ కులాలకే వచ్చినప్పుడు దాన్ని ఒక్కొక్కరి కర్మ అని ఎలా అంటాం?

సరే, ఫిర్యాదు రాద్దామన్నాను. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. లా చదివినదాన్ని, పైగా కోపంలో ఉన్నాను. డాక్టరు మద్యం తాగినట్టు అనుమానమనీ, డబ్బు కోసం మంచి గర్భసంచినే కోసేశారనీ రాసి ఆమెకు చదివి వినిపించాను. ఆమె కాసేపు ఊరుకుంది. "తాగాడో లేదో నేను చూడలేదక్కా. గర్భసంచి మంచిదో చెడ్డదో నాకు తెలియదు. తెలియకుండా చేశారనే కదా నా బాధ" అంది. నేను రోజూ పలికే నాలుగో శీలాన్ని ఆమె నాకు గుర్తుచేసింది. ఆ కాగితం చించేశాను.

వినయపిటకం మహావగ్గంలో రోగికి ఉండవలసిన ఐదు గుణాలు ఉన్నాయి. వాటిలో ఒకటి, తన జబ్బును చూసుకునేవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఎక్కువైతే ఎక్కువైందని, తగ్గితే తగ్గిందని. రోగిని చూసేవారికీ ఐదు గుణాలు చెప్పారు. అందులో ఒకటి, లాభం కోసం కాక మైత్రితో సేవ చేయడం. అదే మహావగ్గంలో జీవకుడు రాజగృహ శ్రేష్ఠి తల తెరిచే ముందు, ఆ తర్వాత ఎన్నాళ్లు పడుకోవాలో చెప్పి ఒప్పుకుంటావా అని రోగినే అడిగాడు. బయటికి తీసినదాన్ని అక్కడున్న వాళ్లకు చూపించాడు. రోగిని అడగడం, తీసింది చూపించడం. మన చెల్లెలికి ఈ రెండూ దక్కలేదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2008 నాటి సమీరా కోహ్లీ కేసులో, పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి ఆమె తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. తల్లి సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. స్పృహలో, వయసులో ఉన్న స్త్రీ తరఫున భర్త సంతకానికీ ఇదే న్యాయం వర్తించాలి. వైద్య రికార్డులు రోగి అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నుంచి ఉన్న నియమం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. అయితే డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోర నిర్లక్ష్యం చూపాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. అది మంచిదే. ప్రతి చెడు ఫలితమూ నేరం కాదు. చేయి వణికితే ఆపరేషన్ చేయలేరు, భయంతో ఉన్న డాక్టరు పేదవాణ్ణి ముట్టుకోడు.

కరుణ ఉన్నవాళ్లు క్షమించాలి కదా, ఫిర్యాదెందుకని మా విహారంలో ఒక పెద్దాయన అడిగారు. ద్వేషం వదిలేయడం వేరు, నిజం దాచేయడం వేరు అన్నాను. ఆ డాక్టరు చెడిపోవాలని మేం కోరడం లేదు. తర్వాత ఆ బల్ల మీద పడుకునే ఆడమనిషిని ముందుగా అడగాలని కోరుతున్నాం. మౌనంగా ఉంటే కరుణ డాక్టరుకు చేరుతుందేమో కానీ, ఆమెకు చేరదు.

రెండోసారి రాసిన ఫిర్యాదు ఒక పేజీయే. తేదీలు, తనకు చెప్పిన మాటలు, అడగని ప్రశ్నలు, రాని రిపోర్టు. ఒక్క తిట్టు లేదు. కింద ఆమే సంతకం చేసింది. ఆసుపత్రి కేస్ షీటు ఇచ్చింది కానీ పరీక్ష రిపోర్టు ఇవ్వలేదు. విచారణ ఇంకా నడుస్తోంది, ఏమవుతుందో తెలియదు.

మొన్న పక్కింటామెను ఆపరేషన్‌కు రమ్మంటే ఈ చెల్లెలు తోడు వెళ్లింది. కాగితంలో ఏముందో హిందీలో చదివి చెప్పేదాకా సంతకం పెట్టనివ్వలేదట. తిరిగొచ్చి నాకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె నోట "కర్మ" అన్న మాట రాలేదు.