పశ్చాత్తాపమును మారుమనస్సును

ఒకడు తప్పు చేసి, తరువాత దానికై కుమిలి కన్నీరు పెట్టుకొనెనని విన్నచో లోకము వానిని సగము క్షమించును. ఆ కన్నీటిని జూచి మనమును "వీడు స్వభావముచేత మంచివాడే" యందుము. ఆ తప్పువలన నష్టపడినవాని గతి యేమైనదని యడుగువారు మాత్రము తక్కువ. దుఃఖించినంత మాత్రమున తప్పు తీరునా? తీరనిచో ఆ దుఃఖమునకు విలువ యేమి? ఈ ప్రశ్న అన్ని మతములయందును గలదు. క్రైస్తవ ధర్మగ్రంథమున నిది యొక్క గ్రీకు మాటను పట్టుకొని పెరిగి, శతాబ్దములు నడచి, తుదకు ఐరోపా చరిత్రనే యొక మలుపు త్రిప్పినది. ఆ మాట మెటానోయా.

ఏసుక్రీస్తు బోధించిన భాష అరమేయికము. ఆయన మాటలు మనకు దక్కినది గ్రీకు భాషలో. మార్కు సువార్త మొదటి యధ్యాయమున ఆయన ప్రజలకు చేసిన తొలి హెచ్చరికలోనే ఈ మాట క్రియారూపమున గానవచ్చుచున్నది. నేడు తెలుగువారు చదువు బైబిలులో దీనికి "మారుమనస్సు పొందుట" యని వాడినారు. ఈ కూర్పును మొట్టమొదట చేసిన పండితుడెవరైనను సరే, ఆయన చెవి మంచిదనవలయును. "మెటా" యనగా తరువాత నని యొక యర్థము, మార్పు నని మఱియొక యర్థము. "నోయెయిన్" అనగా గ్రహించుట, తలంచుట. కాబట్టి అవయవార్థమును బట్టి మెటానోయా యనగా తరువాతి తెలివి, లేక మారిన తెలివి.

ఇప్పుడు మన సంస్కృతపదమును దీని ప్రక్కన నిలిపి చూడుడు. పశ్చాత్ అనగా తరువాత; తాపము కాక, మంట. రెండు పదములును "తరువాత" యనియే మొదలగుచున్నవి. తప్పు జరిగిన తరువాత గ్రీకువానికి కలిగినది తెలివి. మనకు కలిగినది మంట. మంట యెంత పెద్దదైనను చల్లాఱును. తెలిసినది యంత సులభముగా తెలియకుండ పోదు. ఈ భేదము నా మనస్సును చాల కాలముగా పట్టుకొని యున్నది.

క్రైస్తవ మతము పుట్టుటకు నాలుగు శతాబ్దుల ముందే గ్రీకులు ఈ మాటను వాడిరి. అప్పుడు దీనికి దైవముతో పొత్తు లేదు. ముందుచూపునకు ప్రొనోయా యని పేరు. దానికి ఎదురుగా ఆలస్యముగా వచ్చిన తెలివికి మెటానోయా యని పేరు. మన "చేతులు కాలిన తరువాత ఆకులు" సామెతకు దగ్గఱ యన్నమాట. థుసీడిడీసు తన చరిత్ర మూడవ భాగమున ఈ మాటను వాడిన చోటు నేను పలుమాఱులు చదివితిని. క్రీస్తుపూర్వము 427లో లెస్బోసు ద్వీపమందలి మిటిలీనీ పట్టణము ఏథెన్సుపై తిరుగబడి ఓడిపోయెను. ఏథెన్సు సభవారు కోపావేశమున, ఆ పట్టణమందలి వయసు వచ్చిన మగవారినందఱిని చంపవలయుననియు, స్త్రీలను బిడ్డలను బానిసలుగా అమ్మవలయుననియు తీర్మానించి, ఆ యాజ్ఞతో నొక యోడను పంపిరి. మఱునాడు తెల్లవాఱునప్పటికి వారికి మెటానోయా కలిగెనని చరిత్రకారుడు వ్రాసినాడు. దోషులనే కాక యొక పట్టణము పట్టణమునే రూపుమాపుట క్రూరమని తోచెను. సభ మరల కూడెను. క్లియోను మొదటి తీర్మానము నిలువవలె ననెను. డయోడోటసు వలదనెను. ఇతడు దయను గూర్చి యొక్క మాటయు చెప్పలేదు. జాలికి లోబడవలదని తానును చెప్పి, ఈ వధవలన ఏథెన్సునకు లాభము లేదని మాత్రమే వాదించెను. చేతులెత్తిన పిమ్మట లెక్క యించుమించు సమానము. కొలదిపాటి యాధిక్యముచే డయోడోటసు గెలిచెను.

అప్పటికి మొదటి యోడ బయలుదేఱి యొక పగలు నొక రాత్రియు గడచినది. రెండవ యోడను పంపిరి. తెడ్లు వేయువారు ద్రాక్షారసముతోడను నూనెతోడను కలిపిన యవలపిండిని తెడ్లు విడువకయే తినుచు, వంతులవారిగా నిదురించుచు సాగిరి. మొదటి యోడవారు తాము చేయబోవు ఘోరమునకు వెనుదీయుచు నెమ్మదిగా పోయిరి. ఆ యోడ ముందుగా చేరి, సేనాని యాజ్ఞను చదివి యమలు జరుపబూనునంతలో రెండవది వచ్చి యానినది. పట్టణము బ్రదికెను. అయితే తిరుగుబాటునకు ముఖ్యులని యేథెన్సునకు పట్టి తెచ్చినవారిని, వేయిమందికి మించినవారిని, అదే సభవారు చంపించిరని చరిత్రలో నున్నది. మారిన మనస్సు కూడ ఎంతవఱకు మారినదో చెప్పలేము.

ఈ కథలో మిటిలీనీవారిని కాపాడినది ఏథెన్సువారి సంతాపము కాదు, రెండవ యోడ. కాని ఆ తెల్లవాఱుజామున ఎవరి గుండెయు కలత పడకున్నచో ఆ యోడ బయలుదేఱుట యెట్లు? నేనిక్కడ తేల్చుకొనలేకపోవుదును.

క్రైస్తవ గ్రంథమున ఈ మాటకు బరువు హెచ్చినది హీబ్రూ ప్రవక్తల మూలమున. వారు జనులను పిలిచిన పిలుపు "షూవ్", అనగా తిరుగుడు, వెనుకకు మరలుడు. త్రోవ తప్పినవానిని కేక వేసి పిలుచునట్టి మాట యది. పూర్వము యూదులు తమ గ్రంథములను గ్రీకున కనువదించినపుడు దీనికి చాలచోట్ల "తిరుగుట" యను నర్థముగల వేఱు గ్రీకు క్రియనే వాడిరి. మెటానోయా సంబంధమైన క్రియను విచారపడుట, సంకల్పము మార్చుకొనుట యను నర్థమున వాడిరి. కాని సువార్తల కాలమునాటికి ప్రవక్తల పిలుపులోని బలమంతయు ఈ పదములోనికి వచ్చి చేరినది.

ఇంక లాటినువారు. గ్రీకు రాని పడమటివారికి ఈ పదము పోయెనితెన్షియా యను రూపమున అందెను. లాటినులో పోయెన యనగా దండనము. ఈ రెంటికి నిజమైన చుట్టఱికము లేకున్నను చెవికి ఉన్నట్లే వినబడును; వ్రాతయు అట్లే మారినది. నాలుగవ శతాబ్ది చివర జెరోము పండితుడు సువార్తల లాటిను పాఠమును సంస్కరించినపుడు పూర్వపు వాడుకనే యుంచి "పోయెనితెన్షియా చేయుడి" యనెను. పొందుడి కాదు, చేయుడి. చేయుమన్న తరువాత ఎంత చేయవలెను, ఎవరియెదుట చేయవలెను, ఎన్ని దినములు చేయవలెనని లెక్కలు రాక తప్పవు గదా. గురువునెదుట పాపము నొప్పుకొనుట, విధించిన ఉపవాసము జపము నెఱవేర్చుట యను వ్యవస్థ యేర్పడెను. 1215లో లాటెరను సభ యేటికొకమాఱైన పాపము నొప్పుకొనవలెనని శాసించెను. పోనుపోను ద్రవ్యదానముచేత శిక్షను తగ్గించుకొను పత్రములును వచ్చినవి. ఆ మతాచార్యులు అంతరంగమును మఱచిరనుట మాత్రము అన్యాయము. హృదయము పగులనిది క్షమ లేదని వారును బోధించిరి. కాని మాట యొక వైపు లాగుచున్నది, బోధ మఱియొక వైపు.

లాటినువారిలో ఈ తేడాను కనిపెట్టినవారు లేకపోలేదు. మూడవ శతాబ్ది మొదట టెర్టులియను, గ్రీకులో ఈ పదము నేరము నొప్పుకొనుటనుండి కాక మనస్సు మారుటనుండి యేర్పడినదని వ్రాసియుండెను. నాలుగవ శతాబ్దిలో లాక్టాన్షియసు దీనికి "రెసిపిషెన్షియా" తగునని సూచించెను. దాని యర్థము మన యింటిమాటలో "బుద్ధి తెచ్చుకొనుట". ఆ మాట యాదరింపబడక మూలబడినది. పిమ్మట పదునైదవ శతాబ్దిలో ఇటలీ పండితుడు లోరెంజో వల్లా గ్రీకు మూలముతో లాటిను పాఠమును సరిచూచి లోపములు గుర్తించెను. ఎరాస్మసు ఆ వ్రాతలను 1505లో అచ్చు వేయించి, తాను 1516లో గ్రీకు మూలమును ప్రకటించి, బుద్ధి తెచ్చుకొనుట యనునదియే సరియైన యర్థమని వ్యాఖ్యానించెను. 1517లో మార్టిను లూథరు ప్రకటించిన తొంబదియైదు సూత్రములలో మొట్టమొదటిది ఈ మాటను గూర్చినదే. క్రీస్తు కోరినది ఏనాడో యొకనాటి ప్రాయశ్చిత్తము కాదు, జీవితమంతయు ఆ మార్పుగా నుండుట యని యాయన తాత్పర్యము. మఱుసటి యేట తన గురువు స్టౌపిట్జునకు వ్రాసిన లేఖలో, ఒకప్పుడు తనకు అత్యంత కటువైన ఆ పదము గ్రీకు అర్థము తెలిసిన తరువాత మధురమైనదని చెప్పుకొనెను. ఒక పదముయొక్క అర్థమును గూర్చి పండితులు తగవులాడుట పనిలేని పని యనువారికి నేను ఈ కథ చెప్పుచుందును.

మన యింటి సంగతియు నిక్కడ జ్ఞాపకము రాక మానదు. మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున పాపము తొలగుటకు పాపమును చెప్పుకొనుట, అనుతాపము మొదలైనవి చెప్పి, మరల చేయనని విరమించుటచేత శుద్ధుడగునని స్పష్టముగా నున్నది. అట్టి ప్రాయశ్చిత్తము మన చేతులలో దక్షిణకును గోదానమునకును దిగినది. సముద్రము దాటి చదువుకొని వచ్చినవానికి, ఏ పాపమును చేయనివానికి, ప్రాయశ్చిత్తము విధించిన దినములు కలవు. మనస్సు మారకయే, మారవలసిన పనియు లేకయే జరిగిన ప్రాయశ్చిత్తము లవి. లాటినువారిని నవ్వుటకు మనకు తావు లేదు.

ఇంతవఱకు చెప్పినది విని, పదమును విడదీసినంతనే సత్యము బయటపడునని యెవరైన తలంతురేమో. సంస్కృతము చదివినవారికి ఆ భ్రమ యుండరాదు. కుశలుడనగా దర్భలు కోయగలవాడని వ్యుత్పత్తి. వంటలో కుశలురాలైన యిల్లాలిని జూచి దర్భలు తలచువారెవరు? బురదలో పుట్టినదెల్ల పంకజము కాదు. యోగార్థము వేఱు, రూఢ్యర్థము వేఱు. బైబిలు పండితులు ఈ సూత్రమును మఱచి, ప్రతి గ్రీకు పదమును చీల్చి వేదాంతము పిండుచుండగా, 1961లో జేమ్సు బార్ అను నాయన యొక గ్రంథము వ్రాసి వారిని గట్టిగా మందలించెను. కాబట్టి వాడుక చూడవలె.

వాడుకలో నొక విచిత్రము కలదు. క్రీస్తును ముప్పది వెండి నాణెములకు పట్టియిచ్చిన యూదా విచారపడి, ఆ సొమ్మును తిరిగి యిచ్చి ఉరి వేసికొనెనని మత్తయి వ్రాసినాడు. అక్కడ వాడిన క్రియ మెటానోయాకు సంబంధించినది కాదు. మెటమెలొమాయి యను వేఱు క్రియ, చేసినదానికి నొచ్చుకొనుట యని యర్థము. ఉపన్యాసకులు దీనిని పట్టుకొని, అదిగో యూదాకు కలిగినది పశ్చాత్తాపమే, మారుమనస్సు కాదు, అని గీత గీయుదురు. గీత అంత తిన్నగా లేదు. అదే సువార్తలో, ద్రాక్షతోటకు పొమ్మన్న తండ్రితో పోనని చెప్పి, తరువాత నొచ్చుకొని పోయిన కుమారుని విషయమున గూడ ఈ రెండవ క్రియయే యున్నది. వాడు చేసినది మంచిపనియే. ఇద్దఱికిని కలిగిన నొప్పి యొక్కటే మాటతో చెప్పబడినది. ఒకని నొప్పి తోటకు దారి తీసెను, ఒకని నొప్పి ఉరిత్రాటికి. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖలో, తన మందలింపువలన వారికి కలిగిన దుఃఖము మారుమనస్సునకు దారి తీసినదని సంతోషించి, లోకసంబంధమైన దుఃఖము మరణమునకు దారి తీయునని చెప్పినాడు. అనగా దుఃఖము త్రోవయే కాని ఊరు కాదు.

పాపమునకు గ్రీకున నున్న మాటయు నిట్టిదే. హమార్తియా యనగా మొదట గురి తప్పుట. హోమరు కావ్యమున విసరిన బల్లెము తగులక పోయినప్పుడు ఆ క్రియయే వచ్చును. దీనికి బైబిలు తెలుగులో పాపమనిరి. కాని మన కంతకంటె దగ్గఱి మాట యింటనే కలదు: తప్పు. గురి తప్పినది, త్రోవ తప్పినది, మాట తప్పినాడు, తప్పు చేసినాడు. గురి తప్పినవాడు విల్లు పాఱవైచి యేడ్చుట సహజమే. అంతమాత్రమున బాణము పోయి గుఱిని తగులదు. తప్పిన బాణము ఎవరికి తగిలినదో చూడవలెను గదా.

అందుకే కాబోలు స్నానికుడైన యోహాను మారుమనస్సునకు తగిన ఫలములు చూపుడనెను. మేమేమి చేయవలెనని జనులడిగినపుడు ఆయన చెప్పినవి చాల చిన్నవి. రెండంగీలున్నవాడు లేనివాని కొకటి యిమ్ము. సుంకరీ, నిర్ణయించినదానికంటె హెచ్చు వసూలు చేయకుము. సిపాయీ, ఎవరిని బెదరించి గుంజకుము. ఏడ్వుడని చెప్పలేదు. జక్కయ యను సుంకరి కథలో మెటానోయా యను మాటయే రాదు. అతడు అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు తిరిగి యిత్తుననును. ఎవరి కీయవలెనో వారిపేరు అతని లెక్కలలో నుండియే యుండును.

వారిపేరు తెలియుటే కష్టము. కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలో పిల్లల ప్రయాణమునకై కూడబెట్టిన సొమ్ము కనబడలేదు. బల్ల దగ్గఱ కూర్చుండు నొక పేదబాలుని, తరగతి యంతయు వినుచుండగా, నీవే తీసితివంటిని. రెండు దినములకు ఆ సొమ్ము నా పుస్తకములోనే దొరికినది. మూడు రాత్రులు నాకు నిదుర లేదు. బాలుని వరండాలోనికి పిలిచి పొరపాటు నాదని చెప్పితిని. "పరవాలేదండీ మాస్టారూ" అని తల వంచుకొని పోయెను. నా మంట చల్లాఱినది. ఇంట ఈ సంగతి చెప్పగా నా భార్య, "నలుగురిలో అన్నమాట నలుగురిలో తీసికొన్నారా?" యని యడిగెను. రేపు చెప్పుదునంటిని. ఆ రేపు సెలవులలో కలిసిపోయినది. తెఱచిన పిమ్మట బాలుడు వేఱొక యూరి బడికి పోయినాడని తెలిసెను. ఆ తరగతిలోనివారు నేటికిని వానిని దొంగయనియే తలంచుచుందురు.

మెటానోయాను గూర్చి చదువుచు ఈ కాగితములు సిద్ధపఱచుచున్న దినములలో వారిలో ఇద్దఱి చిరునామాలు దొరకినవి. జాబులు వ్రాసితిని. ఒకడు బదులు వ్రాసెను: తన కా సంగతియే జ్ఞాపకము లేదట. రెండవవాని జాబు ఇంకను రాలేదు. ఆ బాలుని యూరు ఎవరికిని తెలియదు, వెదకుచున్నాను.