నలుగురిలో నవ్విన జవాబు

బుజ్జీ,

కాంట్రాక్ట్స్ పేపరు బాగా రాశావట, సంతోషం. అయితే నీ వాయిస్ మెసేజ్‌లో సగం సేపు చెప్పింది పేపరు సంగతి కాదు. హాల్లోంచి బయటికొచ్చి జవాబులు సరిచూసుకుంటూ, మీరంతా ఒకమ్మాయిని చూసి ఎలా నవ్వారో చెప్పావు. అది నాకు నచ్చలేదు.

లాల్‌మన్ శుక్లా కేసు మీద ప్రాబ్లమ్ ప్రశ్న అడిగారన్నావు. 1913 నాటి అలహాబాద్ హైకోర్టు తీర్పు అది. గౌరీదత్ తన ఇంటి పిల్లాడు పారిపోతే, వెతకమని దారిఖర్చులిచ్చి తన మునీము, అంటే గుమాస్తా, లాల్‌మన్‌ను హరిద్వారం పంపాడు. మునీము వెళ్లాక, వెతికిపెట్టినవాళ్లకు 501 రూపాయలిస్తామని కరపత్రాలు వేశారు. మునీము పిల్లాణ్ణి రిషీకేశ్‌లో పట్టుకుని తంతి కొట్టాడు. తర్వాతెప్పుడో, నౌకరీ పోయాక, ఆ బహుమానం కోసం దావా వేసి ఓడిపోయాడు.

ఆఫరు సంగతి తెలియకుండా చేసిన పని దానికి అంగీకారం కాదని మీరంతా రాశారు. గైడులో ఉన్నదీ అదే. ఆ అమ్మాయి మాత్రం, వెతకడం నౌకరుగా అప్పటికే అతని బాధ్యత కదా అని రాసింది. 'ఇది ఏ గైడులో ఉంది?' అన్నది నువ్వేనట. గైడు సంగతేమో గానీ తీర్పులో ఉంది నాయనా! అదేం చాంతాడంత తీర్పు కాదు, తెరిచి చూడు.

సరిచూసుకోవద్దని అనను. మేమూ టీ కొట్టు దగ్గర గంటలకొద్దీ వాదించుకున్నవాళ్లమే. మైనరు ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లోనే మోహరీ బీబీ కేసులో తేలిపోయింది. వాయిడబుల్, అంటే కావాలంటే రద్దు చేసుకోవచ్చు, అని రాసి ఉంటే తప్పు ఒప్పుకుని టీ తాగడమే. ప్రాబ్లమ్ ప్రశ్న అలా కాదు. అక్కడ దిద్దేవాడు చూసేది కారణాన్ని. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు 7–6గా చీలారు. చెల్లింది ఏడుగురి మాటే, నిజమే. కానీ ఆ ఆరుగురి కారణాలూ అచ్చులో ఉన్నాయి, ఇప్పటికీ చదువుతున్నాం.

రేపు కోర్టులో అవతలి వకీలు నీ గైడులో లేని కారణం చెప్తే నవ్వుతూ కూర్చుంటావా? ఆ అమ్మాయిని 'ఎందుకలా రాశావు?' అని ఒక్క మాట అడిగి ఉంటే నీకే లాభం.

తీర్పు చదివాక ఆమెకు విడిగా సారీ మెసేజ్ పెట్టి ఊరుకోకు. తర్వాతి పేపరు రోజున, ఆ నలుగురూ ఉన్నప్పుడే 'నీ కారణం తీర్పులో ఉంది' అని చెప్పు. నవ్వింది వాళ్ల ముందే కదా.

మీ పెదనాన్న