తప్పినవాడెవ్వడు?

మఠములకు వచ్చు గృహస్థులు ఈ మధ్యకాలమున స్వామివారి చెంత కంఠము తగ్గించి అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. కుమారుడు కళాశాలలో చదువుచున్నాడు. మత్తుకు అలవాటుపడినాడని ఇంట తెలిసినది. బంధువులలో వృద్ధులు, "అట్టివాని మెడలో లింగముండుట లింగమునకే అపచారము. శివదారమును తీసివేయుడు. వానిని పంక్తిలో కూర్చుండనీయకుడు" అనుచున్నారు. తల్లి అందుకు ఒప్పుకొనుట లేదు. తండ్రి ఇరువురి నడుమ నలిగి, ధర్మమేమి చెప్పుచున్నదో తెలిసికొనుటకు మఠమునకు వచ్చినాడు.

వృద్ధుల మాటను తేలికగా త్రోసివేయరాదు. వీరశైవుని దేహము లింగమునకు నెలవు. అట్టి దేహమును మత్తుతో చెరచుకొనుట ఆరోగ్యభంగము మాత్రమే కాదు, సదాచారభంగము కూడ. మద్యమాంసములను విడిచిన ఇల్లు అన్న పేరు తరతరములుగా ఆ కుటుంబములను నిలబెట్టినది. ఒకనిని చూచి వేరొకడు చెడునేమో యన్న భయమును అకారణమైనది కాదు.

అయినను ఆ తీర్పులో ఒక చిక్కు కలదు. తల్లి గర్భమున నున్నప్పుడే శిశువునకు లింగసంబంధమును కల్పించు సంప్రదాయము వీరశైవులది. ఇష్టలింగము ప్రాణసమానమనియు, దేహమునుండి దానిని ఎడబాపరాదనియు పెద్దలు చెప్పుదురు. మరణానంతరము సమాధిలో సైతము అది భక్తుని చేతిలోనే యుండును. అట్టిదానిని బ్రదికియున్న బాలుని మెడనుండి తీయుట యనగా వాడు మరణించినాడని చాటుటయే. మరియు పంక్తినుండి లేపబడినవానికి చోటిచ్చు పంక్తి ఊరి చివర ఎప్పుడును సిద్ధముగనే యుండును. అచ్చట వాని కులమును, ఆచారమును ఎవ్వరును అడుగరు. చేతిలోనిది పంచుకొనిన చాలును.

లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అని ఆచారములు ఐదు. తప్పిన బాలుని విషయమున అందరును తలచునది సదాచారమును మాత్రమే. దానిని వాడు ఉల్లంఘించినాడు, నిజమే. వాని తప్పును కప్పిపుచ్చవలసిన పని లేదు. కాని గణాచారమును ఉల్లంఘించినవారెవ్వరని అడుగువాడు కానరాడు. శివనిందను సహింపకుండుటయే గణాచారమని సామాన్యముగా చెప్పుదురు. గణములో ఒకనికి కలిగిన హానిని గణమంతయు తన హానిగా నెంచుకొనుట అందలి ఆంతర్యము. అట్లైనచో బాలుడు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి సమక్షమున మొదటిసారి తప్పినాడో విచారించుట గణము విధి.

ఆ విచారణకు కొన్ని లెక్కలు తోడ్పడును. 2019లో దేశవ్యాప్తముగా 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులపై జరిగిన పొగాకు సర్వేలో నూటికి 8.5 మంది ఏదో యొక రూపమున పొగాకును వాడుచున్నట్లు తేలినది. ఆరంభించిన మధ్యస్థ వయస్సు సిగరెట్టుకు 11.5 ఏండ్లు, బీడీకి 10.5 ఏండ్లు, ఖైనీ వంటి పొగలేని పొగాకునకు 9.9 ఏండ్లు. అదే యేట వెలువడిన మత్తుపదార్థముల జాతీయ సర్వేలో మరియొక సంగతి కనబడినది. వైట్‌నరు, పంక్చరు బంక మొదలగువాటిని పీల్చు అలవాటు పెద్దలలో నూటికి 0.58 కాగా, 10 మొదలు 17 ఏండ్ల పిల్లలలో 1.17. పెద్దలకంటె పిల్లలలో అధికముగా నున్న మత్తు ఇది యొక్కటే. కళాశాలలో చెడినాడనుకొనిన బాలుడు నాలుగవ తరగతిలో నున్నప్పుడే త్రోవ మొదలై యుండవచ్చునన్నమాట. ఎనిమిదేండ్ల ప్రాయమున దీక్ష నిచ్చు ఆచారము పెక్కు కుటుంబములలో కలదు. బసవేశ్వరుడు ఉపనయనమును నిరాకరించినదియు ఆ ప్రాయముననే యని సంప్రదాయము. మంచిచెడ్డలను ఎన్నుకొనుటకు ఆ వయస్సు చాలునని పూర్వులు ఎరుగుదురు. నేటివారు దీక్షనాడు విందు చేసి, ఫోటోలు తీసికొని, అంతటితో మరచుచున్నారు.

ఇంతకును ఆ పొట్లమును బాలుని చేతికి మొదట అందించినదెవరు? మద్యమును కంట చూడని ఇండ్లలో సైతము నస్యము పీల్చు తాతగారును, జర్దా లేక తాంబూలము రుచింపని మామగారును ఉందురు. అవి ఆచారమునకు విరుద్ధములని వారికి తోచదు. సాయంకాలము మనుమని పిలిచి, చేతిలో పది రూపాయలుంచి, "ఒక పొట్లము తెమ్ము, మిగిలిన చిల్లర నీవుంచుకొమ్ము" అందురు. ఆ బాలునికి దుకాణము త్రోవను నేర్పినది, చిల్లర ఆశ చూపినది ఇంటి పెద్దయే. వానికి ఎవ్వరును ఉపదేశము చేయనక్కరలేదు, చూచుచునే నేర్చును.

ఇక దుకాణము. వీరశైవులలో వర్తకులు పెక్కుమంది. 2003 నాటి పొగాకు చట్టము 18 ఏండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు నూరు గజములలోపల అసలే అమ్మరాదనియు శాసించినది. జరిమానా మాత్రము రెండువందల రూపాయలకు మించదు! 2015 నాటి బాలల న్యాయచట్టము ఇంకను కఠినమైనది. బాలునికి మద్యము గాని, మత్తుమందు గాని, పొగాకు గాని ఇచ్చినవానికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. చట్టము మాట అట్లుండగా, కాయకము మాట యేమి? ఆయ్దక్కి మారయ్య కల్యాణమున ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరుకొనుట కాయకముగా బ్రదికినాడు. ఒకనాడు కావలసినదానికంటె ఎక్కువ తెచ్చినాడు. భార్య లక్కమ్మ ఆ యెక్కువను తీసికొని వెళ్ళి అక్కడనే పోసి రమ్మన్నది. ఆ గింజలు దొంగిలించినవి కావు, ఎవరికిని హాని చేసినవి కావు. అయినను ఆమె వంటయింటికి రానీయలేదు. బడి ప్రక్క దుకాణములో పిల్లలకు అమ్మిన పొట్లముల లాభముతో మఠమునకు దాసోహము సమర్పించు భక్తుడు లక్కమ్మ యెదుట నిలిచినచో ఆమె ఏమి చెప్పునో ఊహించుట కష్టము కాదు. అట్టి సంచిని స్వీకరించుటకు ముందు స్వామివారు, "బడికి నీ దుకాణము ఎన్ని గజముల దూరమున ఉన్నదయ్యా?" అని అడిగిన తప్పులేదు.

ఇచ్చట కొందరు కల్లుగీతవారిని, సారాయి అమ్మినవారిని నిందించి తప్పించుకొనజూతురు. కల్యాణమున బసవేశ్వరుని వెంట నున్న శరణులలో హెండద మారయ్య యొకడు. హెండమనగా కల్లు. కల్లమ్మకము చేసినవానిని సైతము శరణులు తమలో కూర్చుండబెట్టుకొనిరే గాని వృత్తిని చూచి వెలివేయలేదు. ఆతని వచనములు నేటికిని నిలిచియున్నవి.

అయితే నేటి కల్లు ఆనాటి చెట్టుకల్లు కాదు. తెలంగాణలో పెక్కు దుకాణములలో అమ్ముడుపోవు కల్లులో ఆల్‌ప్రజోలం, డయజీపాం, క్లోరల్ హైడ్రేటు వంటి నిద్రమందులు కలుపుచున్నట్లు అనేకసార్లు బయటపడినది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. 2015లో అధికారులు కల్తీని అరికట్టినప్పుడు వేరొక విపత్తు కలిగినది. నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతములలో దానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా అది దొరకక వణుకు, మూర్ఛ, మతిభ్రమలతో ఆసుపత్రుల పాలైరి. ఈ సంగతిని ప్రతి గృహస్థుడును గుర్తుంచుకొనవలెను. మద్యమునకు గాని, నిద్రమందులకు గాని చిరకాలము అలవాటుపడినవానిని గదిలో బంధించి అకస్మాత్తుగా మాన్పించినచో ప్రాణాపాయము కలుగవచ్చును. మనస్సు గట్టిపరచుకొనిన చాలునని చెప్పుట తెలియనితనము. అది వ్యాధి. దానికి వైద్యుడు వలయును.

వైద్యుని యొద్దకు పోవుటకు అడ్డువచ్చునది మానము. డెంగీ జ్వరము వచ్చిన ఇంటివారు ఆశా కార్యకర్తను పిలిచి చెప్పుదురు. కుళాయి నీరు చెడిన గ్రామసభలో కేకలు వేయుదురు. కుమారుని మత్తును గూర్చి మాత్రము ప్రక్కయింటికి సైతము తెలియనీయరు. చెప్పనిదానిని ఎవరు లెక్కింతురు? లెక్కకు రానిది ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ముఖ్యమైన పనుల పట్టికలోనికి రాదు. 2014లో ఆరంభమైన జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము 10 మొదలు 19 ఏండ్లవారి కొరకు ఏర్పడినది. మత్తు నివారణ అందొక భాగము. అడుగువారు లేని ఊరిలో అట్టి కార్యక్రమము కాగితముపైననే నిలుచును. పరువునకై మౌనము వహించిన ప్రతి గృహమును ఇతరుల పిల్లల విషయమున గణాచారమును తప్పినదే యగును.

గణాచారమునకు భృత్యాచారమును తోడుచేసినచో ఎట్లుండునో చూపినవారు ఇళకల్లు మఠాధిపతులైన మహాంత శివయోగులు. వారు 1970లలో మహాంతజోలె యను ఉద్యమమును ఆరంభించిరి. జంగముడు జోలెతో బయలుదేరుట భిక్షకు. వీరు భిక్షగా అడిగినది భక్తుల దురభ్యాసములను. ఊరూర, ఇంటింట తిరిగి, త్రాగుడును, పొగాకును ఈ జోలెలో వేయుమని వేడిరి. తప్పినవానిని మఠమునకు పిలిపించి విచారించుట కాదు. పీఠాధిపతియే వాని గడపకు పోయి చేయిచాచుట. ఎదుటివాడు దాతయైనాడు. ఆ గౌరవము మనుష్యునిలో ఎట్టి మార్పు తెచ్చునో చెప్పనక్కరలేదు. వారు 2018లో లింగైక్యులైరి. వారి జన్మదినమైన ఆగస్టు 1వ తేదీని కర్ణాటక ప్రభుత్వము వ్యసనముక్త దినముగా పాటించుచున్నది. తెలుగునాట నిషేధములు వచ్చినవి, పోయినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచినందున 1993లో సారాయి నిలిచినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో తొలగినది. జోలె కట్టుటకు ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు.

ఊరివారందరు పూనుకొనినచో పిల్లలు నిలుతురనుటకు విదేశపు సాక్ష్యము కూడ కలదు. ఐస్లాండు అను చిన్న దేశమున 1998లో 15, 16 ఏండ్ల పిల్లలలో నూటికి 42 మంది ఆ వెనుకటి నెలలో మత్తుగా త్రాగినట్లు చెప్పిరి. 2016 నాటికి వారు అయిదుగురైరి. అచ్చటివారు పిల్లలను అడిగి ప్రతి ఊరి లెక్కలను ఆ ఊరివారి ముందే ఉంచిరి. రాత్రివేళ పిల్లలు వీధిలో తిరుగరాదని నియమించిరి. తల్లిదండ్రులు ఒకరితోనొకరు ఒడంబడిక చేసికొనిరి. ఆటలకు, సంగీతమునకు ప్రభుత్వము ధనమిచ్చినది. ఇందు వీరశైవ మఠములకు సాధ్యము కానిది ఏది? సాయంకాలము అయిదు గంటలు మొదలు ఎనిమిది వరకు పెక్కు మఠముల ప్రాంగణములు శూన్యముగనే యున్నవి. ఆ మూడు గంటలే బాలుడు ఎవరి కంటను పడని వేళ. వచనగానమో, మద్దెలయో, కబడ్డీయో, పదవ తరగతి లెక్కలో, ఏదైనను సరియే. పిలుచు పెద్ద యొకడు ఉండిన చాలును.

మఠము మెట్లపై కూర్చుండిన తండ్రి మాటకు వత్తము. శివదారము తీయవలసిన పని లేదు. మరునాడే కుమారుని వెంటబెట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యుని యొద్దకు పోవలెను. త్రోవ తెలియనిచో 14446 అను ఉచిత సంఖ్యకు ఫోను చేయవచ్చును. మత్తు విడిచినవారిలో మరల తప్పువారు పెక్కుమందియని వైద్యులు ముందుగనే చెప్పుదురు. తండ్రి దానిని మోసముగా భావింపక మరల తీసికొనిపోవలెను. ఆసుపత్రినుండి వచ్చిన సాయంకాలము బాలుడు స్నానము చేసి, ఎడమ అరచేతిలో లింగమునుంచుకొని కూర్చుండునప్పుడు ప్రక్కన తాతగారును కూర్చుండవలెను. అంతకుముందే వారి నస్యపు డబ్బీ పెరటిలో పూడ్చబడి యుండవలెను.