చౌరస్తాలో పల్లికాయ

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో అనే చిన్న ఊరి దగ్గర, రోడ్డు పక్కన 30 అడుగుల పిస్తా కాయ నిలబడి ఉంది. పెంకు విచ్చుకుని లోపలి పప్పు కనిపిస్తుంటుంది. ఆ ఎడారి నేలలో పిస్తా తోట వేసి వ్యాపారం నిలబెట్టిన టామ్ మెక్‌గిన్ పోయాక, ఆయన కొడుకు 2008లో తండ్రి జ్ఞాపకంగా దాన్ని కట్టించాడు. మా తమ్ముని కొడుకు ఆ ఫోటో ఫోన్‌లో చూపించి, "పెద్దనాయినా, తాత పేరు మీద మనం గూడ హాజీపూర్ చౌరస్తా కాడ పెద్ద పల్లికాయ పెడదాం. శ్రీశైలం పోయేటోళ్లందరు చూస్తరు" అన్నాడు.

మాది అచ్చంపేటలో పల్లిపట్టీల దుకాణం. నాయిన మొదలుపెట్టింది. నేనూ తమ్ముడూ నడిపిస్తున్నాం, ఇక పిల్లవాని చేతికి పోతుంది. వాడు తాత మీది ప్రేమతోనే అడిగాడు. అయినా వెంటనే సరే అనలేకపోయాను. తండ్రి రుణం తీర్చుకునే మాట కాబట్టి ఆలోచించి చెప్పాలనిపించింది.

ఆ పిస్తా బొమ్మలో నాకు నచ్చింది ఒకటుంది. అందులో తండ్రి ముఖం లేదు. మన దిక్కు చౌరస్తాల్లో నిలబడేవి మనుషుల విగ్రహాలు. జనం కోసం కొట్లాడిన వాళ్లకు అది తగిందే. కానీ మా నాయిన ముఖం ఎందరికి తెలుసు? మన్ననూరులో, అమ్రాబాదులో ఆయన పల్లిపట్టి తిన్న వాళ్లు చానామంది, ఆయనను చూసిన వాళ్లు తక్కువ. మనిషిని పక్కకు పెట్టి, ఆయన చేతి పనిని ముందుకు తెచ్చిన ఆ కొడుకు ఆలోచనకు నేను దండం పెడతాను.

నాయిన పని ఎట్లుండేదో చెబుతాను. యాసంగి పల్లి మార్కెట్ యార్డుకు వచ్చే రోజుల్లో కుప్పకుప్పకూ వంగి, ఒక కాయ ఒలిచి, పప్పు కొరికి చూసేవాడు. ఇంటికి తెచ్చినవి ఇసుకలో వేయించి, అరచేతుల మధ్య నలిచి, చాటలో పొట్టు చెరిగేది అమ్మ. బెల్లం పాకం మాత్రం ఆయనే చూడాలి. చల్లనీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి, గట్టిపడ్డ ముక్కను తీసి పళ్లెం మీద కొట్టేవాడు. టంగుమంటే పల్లీలు పోయాలి. అనకుంటే ఇంకాసేపు ఆగాలి. నూనె రాసిన బండ మీద పోసి, కర్రతో ఒత్తి, వేడి మీదనే కోయాలి. ఆలస్యమైతే ముక్క తెగదు, పగులుతుంది. పొద్దుగూకే సరికి సీసా ఖాళీ అయిందంటే ఆయన ముఖంలో కనిపించేది లాభం లెక్క కాదు. తిన్నారు, అయిపోయింది అన్న నిమ్మళం.

నా మనసు పట్టుకున్నది ఇక్కడే. తిని అయిపోవడమే సార్థకమనుకున్న మనిషికి, ఎవరూ తినలేని, ఎన్నటికీ అయిపోని పల్లికాయను కడితే అది గౌరవమేనా?

తైత్తిరీయోపనిషత్తులోని భృగువు కథ కూడా ఒక తండ్రీకొడుకుల కథే. బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని వరుణుణ్ణి కొడుకు అడుగుతాడు. తపస్సు చేసి తెలుసుకొమ్మంటాడు తండ్రి. భృగువుకు మొదట తట్టింది అన్నం. మళ్లీ పంపిస్తాడు తండ్రి. ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి చివరికి ఆనందం దగ్గర చేరుతాడు. ప్రవచనాల్లో చాలాసార్లు కథ అక్కడ ఆగిపోతుంది, అన్నం కింది మెట్టయి మిగిలిపోతుంది. కానీ ఉపనిషత్తు అక్కడ ఆగలేదు. ఆనందం తర్వాత మళ్లీ అన్నం దగ్గరికే దిగివస్తుంది. అన్నాన్ని నిందించొద్దు, పారేయొద్దు, ఎక్కువగా పండించు, ఇంటికొచ్చిన వాళ్లను తిప్పి పంపొద్దు అని వ్రతాలు చెబుతుంది. నాకు ఆ భాగమే ప్రాణం. అన్నానికి గౌరవమంటే అక్కడ చూడటం కాదు, చేయడం.

అట్లని పెద్ద ఆకారం తప్పని నేననను. గోదావరి దిక్కు మండపేట పక్కన తాపేశ్వరం ఉంది, మడత కాజాకు పేరుపడ్డ ఊరు. 2016లో అక్కడి మిఠాయి వాళ్లు 29,465 కిలోల లడ్డు చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఖైరతాబాద్ వినాయకుడికి కూడా తాపేశ్వరం నుంచి టన్నుల బరువున్న లడ్డు వచ్చిన సంవత్సరాలున్నాయి. అంత పెద్దది చేసినా, అది లడ్డే. బాలాపూర్ వినాయకుడి లడ్డు 1994లో మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది, 2025లో 35 లక్షలు. ఆ అంకెలు నన్ను కొంచెం కలవరపెడతాయి. అయినా పాడుకున్న వాళ్లు దాన్ని చుట్టపక్కాలకు పంచి, పొలాల్లో చల్లుకుంటారు. అంత ధర పలికినదాన్ని కూడా మట్టిలో కలపగలిగినప్పుడు, భక్తి ఇంకా బతికే ఉందనుకుంటాను.

నాయిన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టినం. ఇస్తరాకులో అన్నం, ఆయనకిష్టమైన కూర, ఒక పల్లిపట్టి ముక్క. దూరం జరిగి నిలబడ్డాం. కాకులు చింతచెట్టు మీదనే ఉన్నాయి గానీ దిగలేదు. బిడ్డల పేర్లు చెప్పి మొక్కారు, దిగలేదు. చివరికి అమ్మ ముందుకొచ్చి, "దుకాణం బందు వెట్టరు, నువ్వు నిమ్మళంగ పో" అన్నది. అప్పుడొక కాకి దిగి ముట్టింది. కాకికి ఏం తెలుసని అడిగేవాళ్లుంటారు. ఆయన ఏం కోరుకుని ఉంటాడో అమ్మకు తెలుసు, నాకు అది చాలు. పెత్రమాస నాడు అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే వేళ ఇప్పటికీ ఆ మాటే చెవిలో పడుతుంది.

మొక్కే రూపాన్ని చూసుకోవడానికి మనకు రెండు దారులున్నాయి. పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున పేర్చిన బతుకమ్మను సాయంత్రం నీళ్లలో వదులుతాం. ఉమామహేశ్వరంలో కొండ చరియ కింది లింగం మాత్రం నిలిచే ఉంటుంది, కానీ ఎవరో ఒకరు రోజూ మెట్లెక్కి పోయి నీళ్లు పోస్తారు, దీపం పెడతారు. నిలిచే రూపం రోజూ ఒక చేతిని అడుగుతుంది. ఆ సేవ చేయలేమనుకుంటే బతుకమ్మలా మర్యాదగా సాగనంపాలి. కట్టి, రిబ్బన్ కత్తిరించి, ఎండకూ వానకూ వదిలేసింది ఈ రెండు దారుల్లో దేనిదీ కాదు.

పిల్లవానికి ఇదే చెప్పాను. రోడ్డు పక్కన మనకున్న జాగలో పల్లికాయ పెడదువుగానీ, దాని కింద అరుగు ఉండాలి, నీళ్ల కుండలుండాలి. చైత్ర పున్నమికి సలేశ్వరం లింగమయ్య జాతరకు పోయేవాళ్లకు, ఎండల్లో ఆ తోవన వచ్చే ఎవరికైనా, గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక బెల్లం ముక్క పెట్టాలి. పొద్దున్నే కుండలు ఎవరు నింపుతారో ముందు రాసుకురా అన్నాను.

రాసుకొచ్చాడు. సోమవారం నాది, ఆదివారం మా తమ్మునిది, తక్కిన రోజులు వాడు, వాని చెల్లె పంచుకున్నారు. ఎత్తు దగ్గర ఇంకా తెగలేదు. వాడు పదిహేను అడుగులంటున్నాడు. నేను ముందు అరుగు పొడవు తేల్చమంటున్నాను. నడిచొచ్చిన వాళ్లు పది మందైనా కాళ్లు చాపుకుని కూర్చోవాలి, నీడ వాళ్ల మీద పడాలి. మేస్త్రీని పిలిచి కొలతలు వేయిస్తున్నాం.