మందు మానుకోవటం తవక్కుల్ అవుతుందా?

 

మన ఇళ్ళలో క్యాన్సర్ పేరును ఇప్పటికీ గట్టిగా పలకరు. 'ఆ జబ్బు' అంటారు, 'పెద్ద జబ్బు' అంటారు. పేరు పలకటానికే జంకేవారు పరీక్షకు వెళ్ళటానికి ఎంత జంకుతారో వేరే చెప్పనక్కర్లేదు. మాకు తెలిసిన ఒక సోదరి తన రొమ్ములో చిన్న గడ్డ తగులుతున్న సంగతిని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కదా అనుకున్నది. చివరికి అత్తగారికి చెబితే, ఆమె ఒక ఆమిల్ సాహెబ్ దగ్గరకు తీసుకెళ్ళింది. దమ్ చేసిన నీళ్ళు, మెడలో తావీజు, పరగడుపున కలౌంజీ నూనె, ఆపైన నాటు వైద్యుని పసరు కట్టు. పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి వ్యాధి చంకలోకి పాకింది. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవారు కారు, అందరూ నమాజీలే. "అల్లాహ్ మీద భారం వేశాం" అన్న వారి మాటలో కపటం లేదు. మరి పొరపాటు ఎక్కడ జరిగింది?

తవక్కుల్ అంటే ఏమిటో మనకు నేర్పినవారు కారుణ్యమూర్తి ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం). వైద్యం చేయించుకోవచ్చా అని పల్లె అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోండి, ముసలితనానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని ఆయన బోధించారు. (అబూదావూద్, తిర్మిజీ) హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) ఆయన వద్దకు ఒక వైద్యుణ్ణి పంపారు. ఆ వైద్యుడు నరం కోసి, కోసిన చోట వాత పెట్టాడు. (ముస్లిం) ఇది గమనించదగ్గ విషయం. ఉబై (రజి) ఖుర్ఆన్ పారాయణంలో సహాబాలకే గురువు వంటివారు. దుఆ చేయటానికి స్వయంగా దైవప్రవక్తే ఉన్నారు. అయినా కత్తి పట్టే వైద్యుడు వచ్చాడు.

కలౌంజీలో మరణం తప్ప అన్ని రోగాలకూ స్వస్థత ఉందన్న హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. దాన్ని మనం కాదనం, అనకూడదు. అయితే ఆ మాట తెలిసిన దైవప్రవక్తే ఉబై (రజి)కి వైద్యుణ్ణి పంపారు కదా! ఇమామ్ ఖత్తాబీ (రహ్మలై) వంటి హదీసు వ్యాఖ్యాతలు, ఇక్కడ 'అన్ని రోగాలు' అన్న మాటకు ప్రత్యేకార్థం ఉందని, ఒక స్వభావం గల రోగాలకే అది వర్తిస్తుందని వివరించారు. కలౌంజీ సీసా మీద 'క్యాన్సర్ నివారిణి' అని అచ్చువేసి అమ్మే వ్యాపారి ఈ వివరణ చదివి ఉండడు.

లెక్కా పత్రం లేకుండా స్వర్గంలో ప్రవేశించే 70 వేల మంది గురించిన హదీసును కూడా కొందరు ముందుకు తెస్తారు. వారు వాతలు పెట్టించుకోరు, తమ ప్రభువునే నమ్ముకుంటారు అన్నది నిజమే. కాని వారు మంత్రించమని కూడా ఎవరినీ అడగరని అదే హదీసులో ఉంది. ఆమిల్ గారి వాకిట్లో చీటీ తీసుకుని కూర్చుని, ఆపరేషన్ వద్దనటానికి ఈ హదీసు చెప్పటం విచిత్రం కాదా!

క్యాన్సర్ ఒక్క రోగం కాదు. అందుకే 'ఫలానా ఆకు క్యాన్సర్‌ను తగ్గిస్తుంది' అన్న మాట వినగానే అనుమానించాలి. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ కాక కొందరికి ఏళ్ళ తరబడి హార్మోన్ మాత్రలు కావాలి. గుట్కా, జర్దా పాన్ తెచ్చిపెట్టే నోటి క్యాన్సర్‌ను తొలిదశలో ఎక్కువగా ఆపరేషన్‌తోనే తొలగిస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరితే రేడియేషన్, కీమో కలిపి ఇస్తారు. రక్త క్యాన్సర్‌లో కోసి తీయటానికి గడ్డే ఉండదు. దానిలో దీర్ఘకాలిక మైలాయిడ్ రకానికి 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చాక, రోజూ మందు వేసుకుంటూ ఏళ్ళ తరబడి బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు. ఇన్ని తీరుల వ్యాధులకు ఒకే పసరు పనిచేస్తుందని ఎలా నమ్మగలం?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో రెండు అధ్యయనాలు ప్రచురించారు. వ్యాధి ఇతర అవయవాలకు పాకని దశలో ఆసుపత్రి వైద్యం కాదని ప్రత్యామ్నాయ వైద్యమే నమ్ముకున్న 281 మందిని మొదటిదానిలో పరిశీలించారు. ఆసుపత్రి వైద్యం పొందినవారికన్నా వీరిలో మరణ ప్రమాదం రెండున్నర రెట్లు ఉంది. రొమ్ము క్యాన్సర్‌లోనైతే అయిదు రెట్లకు మించింది. రెండో అధ్యయనం ఇంకా ఆలోచింపజేసేది. ఆసుపత్రి వైద్యం కొంత పొందుతూనే అనుబంధ వైద్యం కూడా చేయించుకున్న 258 మందిలో మరణ ప్రమాదం రెట్టింపు కనబడింది. కారణం ఆ అనుబంధ వైద్యం విషమని కాదు. దాన్ని నమ్ముకుని వారిలో ఎక్కువమంది రేడియేషన్‌నో, కీమోనో, ఆపరేషన్‌నో వద్దన్నారు.

కాబట్టి దుఆ, రుఖ్యా, తేనె అన్నీ మానేయమని మేము అనటం లేదు. సూరె ఫాతిహా, చివరి రెండు సూరాలు చదివి రోగిపై ఊదండి. అది సున్నత్. దానికి ఆమిల్ అక్కర్లేదు, రుసుము అక్కర్లేదు, తల్లి చదివినా చాలు. ఆహారంగా తేనె తీసుకోవచ్చు. మధుమేహం ఉన్నవారు, కీమోలో ఉన్నవారు వైద్యుణ్ణి అడగాలి. హిజామా విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాం. కీమో సాగుతున్నప్పుడు ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఆ స్థితిలో చర్మంపై గాట్లు పెడితే రక్తం ఆగకపోవచ్చు, చీము పట్టవచ్చు. కూరలో పసుపుకు భయపడనక్కర్లేదు కాని, పసుపు సారంతో చేసిన మాత్రలు రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ మోతాదును రక్తంలో తగ్గించవచ్చని తేలింది. ఏది వాడినా వైద్యునికి దాచకండి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసు హెచ్చరిస్తోంది. (అబూదావూద్, నసాయి)

స్త్రీల బిడియం గురించి ఒక మాట. పరదా మన గౌరవం. వీలైతే లేడీ డాక్టరుకే చూపించుకోండి. దొరకనప్పుడు అవసరమైన మేరకు మగ డాక్టరుకు చూపించటాన్ని ఉలమా ధర్మసమ్మతమనే అన్నారు. ఖర్చుకు వెనుకాడేవారు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉందని, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ చికిత్సలు వచ్చాయని తెలుసుకోవాలి. మహల్లా జకాత్ నుండి పేద రోగికి బస్సు ఖర్చు, మందుల ఖర్చు ఇవ్వటానికి కమిటీలు ముందుకు రావాలి.

అన్ని సందర్భాల్లోనూ చికిత్స తప్పనిసరి అని కాదు. చికిత్స మానితే ప్రాణం పోయే పరిస్థితిలో అది వాజిబ్ అవుతుందని, పరిస్థితిని బట్టి ఈ ఆదేశం మారుతుందని 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ నిర్ణయించింది. నయమయ్యే ఆశ లేదని వైద్యులే తేల్చినప్పుడు కఠినమైన కీమో వద్దని రోగి అనుకుంటే నిందించకండి. మూర్ఛలు వచ్చే ఒక స్త్రీకి దైవప్రవక్త (స) సహనమో, స్వస్థత కోసం దుఆనో ఎంచుకోమన్నారు. ఆమె సహనాన్ని ఎంచుకున్నది. (బుఖారీ, ముస్లిం) ఎంచుకున్నది ఆమె. ఆమె తరఫున బంధువులు కాదు. అటువంటి రోగికి నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇవ్వటం కూడా అవసరార్థం ధర్మసమ్మతమే.

మొదట చెప్పిన సోదరికి ఆపరేషన్ అయింది, కీమో సాగుతోంది. పరామర్శకు వెళ్ళినప్పుడు రమజాన్ ఉపవాసాలు పోయాయని ఏడ్చింది. రోగికి అల్లాహ్ సడలింపు ఇచ్చాడని, కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చని, కోలుకోకపోతే ఫిదియా ఉందని చెప్పాం. కూర్చుని నమాజు చేయవచ్చా అని అడిగింది. కూర్చోలేకపోతే పడుకుని కూడా చేయవచ్చన్నాం. పక్కనే ఆమె అత్తగారు ఆసుపత్రి ఫైలు ఒడిలో పెట్టుకుని, తదుపరి తారీఖు ఎప్పుడో చూస్తూ, పెదవులతో ఫాతిహా చదువుతున్నది.