‘ఈజ్’ అనే చిన్న మాట, దేవుడి ఉనికి

ఇంగ్లీషులో ‘బి’ క్రియ, ముఖ్యంగా దాని వర్తమాన రూపం ‘ఈజ్’, ఒకే వేషంలో కనీసం మూడు పనులు చేస్తుంది. ‘సోక్రటీస్ ఈజ్ వైజ్’ అన్నప్పుడు మనిషికి ఒక గుణాన్ని ఆపాదిస్తుంది. వేగుచుక్కా సందెచుక్కా ఒకే శుక్రగ్రహమని చెప్పడానికీ ‘ఈజ్’ అనే అంటారు. అక్కడ గుణం ప్రసక్తి లేదు, రెండు పేర్లూ ఒక్కదానివేనని తేల్చడమే. ‘గాడ్ ఈజ్’ అని ఆపేస్తే మాత్రం ఉనికి. మొదటి రెండు పనులనూ ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మానవజాతికే సిగ్గుచేటని బెర్ట్రండ్ రసెల్ విసుక్కున్నాడు. 1918లో జైల్లో కూర్చుని రాసి, 1919లో అచ్చువేసిన గణిత తత్త్వశాస్త్ర పుస్తకంలోని విసురు అది.

తెలుగులో ఈ చిక్కు కొంత తక్కువ. ‘సోక్రటీస్ జ్ఞాని’ అనడానికి క్రియే అక్కర్లేదు. కాదనేటప్పుడు తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. ‘ఆయన దేవుడు కాడు’ అన్నవాడు ఎంత భక్తుడైనా కావచ్చు. ‘దేవుడు లేడు’ అన్నవాడు నాస్తికుడు.

అసలు తగువంతా మూడో పని మీదే. 11వ శతాబ్దం చివర ఆన్సెల్మ్ అనే క్రైస్తవ సన్యాసి ‘ప్రోస్లోజియన్’ అనే గ్రంథంలో ఒక వాదం చేశాడు. దేవుడంటే అంతకు మించినదాన్ని ఊహించలేనిది. అది ఊహకే పరిమితమైతే, నిజంగా కూడా ఉన్నది దాన్ని మించిపోతుంది. అది పొసగదు కనుక దేవుడు ఉన్నట్టే. ఈ లెక్కన అన్నిటినీ మించిన ద్వీపం కూడా ఎక్కడో ఉండి తీరాలి కదా అని గౌనిలో అనే సన్యాసి అప్పుడే ఎత్తిపొడిచాడు. అది చురకే గానీ, తప్పు ఎక్కడుందో చెప్పలేదు. ఆ పని 1781లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ చేశాడు. జేబులో ఉన్న వంద థాలర్లలో (అప్పటి జర్మన్ నాణేలు) ఊహలోని వందకన్నా ఒక్క నాణెం కూడా ఎక్కువుండదు. జేబుగలవాడి స్థితి మారుతుంది, ‘వంద’ అనే భావన మారదు. అంటే ఉనికి గుణాల జాబితాలో చేరదు. 1884లో తర్కవేత్త ఫ్రేగె దీన్ని ఇంకా బిగించాడు: ఒకటి ఉందనడమంటే ఆ భావనకు సరిపడేవాటి సంఖ్య సున్నా కాదనడమే.

అయితే నేరమంతా వ్యాకరణానిదే అనలేం. ‘ఉనికి’ని నామవాచకం చేసి కరుణ, సర్వజ్ఞత పక్కన కూర్చోబెడితే ఆన్సెల్మ్ వాదం తెలుగులోనూ అంతే దర్జాగా నడుస్తుంది.

బైబిల్ నిర్గమకాండం 3వ అధ్యాయంలో ‘నీ పేరేమిటి’ అని మోషే అడిగితే దేవుడు చెప్పిన జవాబుకూ ‘ఉండు’ అనే క్రియతోనే ముడి. అక్కడి హీబ్రూ మాటకు ‘ఉన్నాను’ అనీ ‘ఉంటాను’ అనీ రెండర్థాలూ చెప్పవచ్చు. ప్రాచీన గ్రీకు అనువాదం దాన్ని ‘ఉన్నవాడు’గా స్థిరపరచింది. 13వ శతాబ్దంలో థామస్ అక్వైనస్ దేవుడికి అన్నిటికన్నా తగిన పేరు అదేనన్నాడు, దేవుడి స్వరూపం, ఉనికి ఒక్కటేనన్నాడు. అంతటివాడూ ఆన్సెల్మ్ వాదాన్ని ఒప్పుకోలేదు. ఆ స్వరూపం మనిషికి తెలియదు కనుక మాట అర్థంలోంచి ఉనికిని రాబట్టలేమనీ, లోకంలో కనిపించే కార్యాల నుంచి కారణానికి వెళ్లవలసిందేననీ ఆయన పక్షం.