స్టీరింగు కేబులుకు జేజేలు

గోదావరి మీద పడవను కదిలించే బలాలకు ఏనాడూ కొదవ లేదు. తెరచాపలో నిండిన గాలి ఒక బలం, గెడ వేసే మనిషి భుజం ఒక బలం, ఎగువ నుంచి దిగువకు పోయే ఏరు తానే ఒక పెద్ద బలం. ఆపైన డీజిలూ పెట్రోలూ వచ్చాయి. ఇన్ని బలాల్లో ఏ ఒక్కదానికీ సఖినేటిపల్లి రేవు ఎటుందో తెలియదు. ఆ తెలివి పడవ నడిపేవాడిది. అతని మనసులో మాటను నీళ్ల దాకా మోసుకుపోయే వస్తువు ఒకటుంది చూడండి, దాన్ని పొగుడుదామనే ఈ నాలుగు మాటలూ.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట ముగించాక, డెల్టా కాలువలు పొలాలను తడుపుతూనే పడవలకు రోడ్లయ్యాయి. గాలి లేని రోజు ధాన్యం పడవకు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులు లాగేవారు. లాగేది గట్టు మీద నుంచి కాబట్టి పడవ ముక్కు ఎప్పుడూ గట్టుకేసే పోతుంది. దాన్ని నడికాలువలో నిలిపేవాడు వెనక చుక్కాని మీద ఒరిగి కూర్చున్న మనిషి. చెమట అంతా గట్టు మీద, దారి అంతా పడవలో. రెండింటిలో ఏది లోపించినా బస్తా లాకు దాటదు.

చుక్కానికి ఒక నియమం ఉంది. నీరు తనను ఒరుసుకుంటూ పోతేనే అది పనిచేస్తుంది. ఏటితో సమానంగా కొట్టుకుపోయే పడవకు చుక్కాని ఉన్నా లేనట్టే. ఎంత తిప్పినా ముక్కు మళ్లదు. ప్రవాహం కంటే ఒక పిసరు ముందుండాలి, లేదా ఒక పిసరు వెనకబడాలి. తనకంటూ ఒక నడక ఉన్న పడవకే మలుపు తిరిగే భాగ్యం. వేదాంతం చెప్పాలన్న ఉద్దేశం గోదావరికి ఉందో లేదో గానీ, రోజూ చెబుతూనే ఉంది.

తర్వాత పడవ వెనక తగిలించుకునే మోటారు వచ్చింది. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో వాటిని అమ్మకానికి పెట్టాడు. ఎండలో తెడ్డు వేసుకుంటూ ఐస్‌క్రీము తెచ్చేలోపు అది కాస్తా కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలోంచే ఈ మోటారు పుట్టిందనీ ఒక కథ చెప్పుకుంటారు. నాకు మాత్రం ముద్దొచ్చేది వేరే సంగతి. దీనికి విడిగా చుక్కాని అక్కర్లేదు. మోటారే తిరుగుతుంది, దానితో తోపూ తిరుగుతుంది. ఎర్రనీరు దిగగానే సముద్రం విడిచి ఏట్లోకి ఎక్కి, ధవళేశ్వరం దాకా ఎదురీదే పులసను తలుచుకోండి: ముందుకు తోసేదీ ఆ తోకే, పక్కకు మళ్లించేదీ ఆ తోకే. చేప ఎన్నడో నేర్చిన విద్య మనిషికి ఇంత ఆలస్యంగా పట్టుబడింది.

చిన్న మోటారైతే పక్కనే కూర్చుని పిడి పట్టుకుని తిప్పొచ్చు. మోటారు బరువెక్కి, నడిపేవాడు పడవ ముందుభాగానికి వచ్చాక, అతని చేతికీ పంకాకీ మధ్య పది పన్నెండు అడుగుల ఎడం ఏర్పడింది. ఆ ఎడాన్ని నింపేదే స్టీరింగు కేబులు. చక్రం వెనక చిన్న పెట్టె, అందులో పళ్ల చక్రం, దాన్ని పట్టుకుని ఒక తీగ. తీగతో లాగడం ఎవరైనా చేస్తారు. ఇది నెడుతుంది కూడా! తొడుగు చుట్టూ బిగించి పట్టి, పక్కకు లొంగనివ్వదు కాబట్టి తీగ కర్రలా బిర్రుగా నిలబడి, అంత మోటారునూ పక్కకు నెట్టేస్తుంది. వంగాల్సిన చోట వంగుతూ, నెట్టాల్సిన చోట నిటారవుతుంది. ఇంతకంటే మర్యాదస్తురాలు ఇంకెవరున్నారు?

కోనసీమలో దీనికి గండం మాత్రం ఒకటుంది. మోటారును పడవకు పట్టి ఉంచే బిగింపులో అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. కేబులు చివరి స్టీలు కడ్డీ అందులోంచే వచ్చి పోతూ, చివరన ఒక చిన్న లింకుతో మోటారును తిప్పుతుంది. పోటు మీద ఉప్పునీరు పాయల్లోకి ఎక్కి వస్తుంది. పడవ వాడకుండా వదిలేస్తే గొట్టంలోని గ్రీజు జిగురవుతుంది, జిగురు రాయవుతుంది, కడ్డీ గొట్టాన్ని కరుచుకుంటుంది. ఇక చక్రం మీద ఇద్దరు వేలాడినా కదలదు.

వరద రోజుల్లో లంకలకు తిరిగే అలాంటి ఒక పాత పడవకు, కొత్తనీరు రాకముందే కేబులు మార్చడం ఏటిగట్టు పక్కన కొబ్బరి నీడలో నిలబడి చూశాను. పెద్ద మేస్త్రీ ముందుగా గొట్టం మూతి దగ్గరి నట్టు విప్పాడు. కుర్రాడు సుత్తి ఎత్తాడు. "అప్పుడే కొట్టేయకురా. నూనె తాగనీ," అన్నాడాయన. తుప్పు వదిలే నూనె పోసి, కాస్త సెగ చూపించి, మళ్లీ పోసి, టీ తాగొచ్చి, అప్పుడు ఇనుప ముక్క ఆనించి సుత్తి వేయించాడు. ముందు వెంట్రుకవాసి, ఆ తర్వాత అంగుళం, ఆ తర్వాత ఒక్కసారిగా కడ్డీ అంతా బయటికి జారింది. దాని ఒంటి నిండా గోధుమరంగు పెచ్చులు.

అసలు ముచ్చట అక్కడి నుంచే. గుండ్రటి వైరు బ్రష్షు గొట్టంలోకి పోనిచ్చి, అటునుంచి చూస్తే ఇటు వెలుతురు మెరిసేదాకా రుద్దారు. కొత్త కేబులును పడవ పక్కనే పరిచి, ఎక్కడా ఇరుకు మలుపు పడకుండా దారి చూసుకున్నారు. ఇరుకు మలుపు పడిన చోట తీగ రాసుకుని చక్రం బరువెక్కుతుంది. లింకుకు పాత లాకునట్టు బాగానే ఉందని కుర్రాడు తుడవబోతే మేస్త్రీ ఆపాడు. ఒకసారి విప్పిన నట్టులో లోపలి నైలాను పట్టు సడలుతుంది, నడి ఏట్లో అది ఊడితే పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు. చివరగా చక్రం తిప్పి కడ్డీని పూర్తిగా గొట్టంలోకి లాగాకే గ్రీజు గన్ను పెట్టాడు. కడ్డీ బయటికి సాగి ఉండగా గ్రీజు దట్టిస్తే, అది వెనక్కి వచ్చే చోటంతా గ్రీజు ఆక్రమించి స్టీరింగు మళ్లీ బిగుసుకుంటుంది. మంచిదే గానీ, వేళ తప్పితే అదే చెరుపు.

ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే వరద లెక్కలు చూడాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో అక్కడి నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా దిగింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అలాంటి నాడు లంక ఊళ్లకు రోడ్డంటే పడవే. మునిగిన కంచె తగలకూడదు, కొబ్బరి మొదళ్లను తప్పించాలి, అరుగు మీద చంటిబిడ్డతో నిలబడ్డ తల్లి పక్కకు మెత్తగా చేరాలి. పడవ మలుపులో ముక్కు ముందుగా తిరిగిందని మనకనిపిస్తుంది గానీ, నిజానికి మోటారు వెనకభాగాన్నే అవతలికి తోస్తుంది. అందుకే అరుగు దగ్గర పడే ప్రతి అంగుళం లెక్కే. చక్రానికి వేలితో చెప్పిందంతా తోకకు వినబడాలి.

సాయంత్రం పోటు తగ్గాక నీళ్లలోకి దింపారు. మేస్త్రీ ఏటికి ఎదురు పట్టించి ఎడమకు కొట్టాడు, కుడికి కొట్టాడు, చివరిదాకా తిప్పి వదిలాడు. పడవ చెప్పిన మాటల్లా విన్నది. అంత గౌతమీ పాయ ఒకవైపు, వేలెడు లావు తీగ ఒకవైపు. గెలుపోటముల ఊసే లేకుండా రెండూ సర్దుకుపోయాయి. గట్టెక్కి చేతులు తుడుచుకుంటూ ఆయన చేసిన హెచ్చరిక ఒక్కటే: "పనున్నా లేకపోయినా వారానికోసారి ఆ చివర్నుంచి ఈ చివరికి తిప్పుతా ఉండండి. తిప్పితే అరగదండీ ఇది. ఊరికే ఉంచితేనే పాడైపోద్ది."